సీసం దిగే చప్పుడు

సీసం దిగుతోంది. బొటనవేలి కింద దారం మెత్తగా జారిపోతుంటే లచ్చిరాం కళ్లు మూసుకున్నాడు. కళ్లతో పనిలేదు దీనికి, నీటి పైన కనిపించేదంతా ఉత్త మెరుపే, కింద ఏముందో వేలు చెప్పాలి, వేలు చెప్పేదాకా మనిషి నోరు మూసుకుని కూర్చోవాలి, మస్కట్‌లో ఉమర్ భాయ్ నేర్పిన మొదటి పాఠమే అది. అయితే అక్కడ కింద ఉండేది చేప. ఇక్కడ ఉన్నది ఉమర్ భాయ్ కొడుకు. ఆ మాట మనసులోకి రాగానే వేలు బిగుసుకుంది, దారం ఆగింది, సీసం నడిమి నీళ్లలో వేలాడింది. మొగుళ్లపల్లి శివారులో ఎప్పుడో వదిలేసిన బండ క్వారీ అది, వానలకు నిండి నల్లగా కనిపిస్తోంది. నాలుగు లారీ ట్యూబుల మీద కట్టిన నులక మంచంపై లచ్చిరాం మఠం వేసుకుని కూర్చున్నాడు. మంచం కాళ్ల వైపు గజ ఈతగాడు కాళి ఒడ్డు నుంచి కట్టిన మోకు పట్టుకుని, నిన్నటి నుంచి మునిగి మునిగి ఎర్రబడిన కళ్లతో అతని చేతులనే చూస్తున్నాడు. "అడుగు తాకిందా అన్నా?" అన్నాడు కాళి. "తాకలే. నేనే ఆపిన," అన్నాడు లచ్చిరాం, వేలు మళ్లీ వదులు చేస్తూ. తెల్లరంగు అయిపోయి నీలం మొదలైంది. పది మీటర్లకొకసారి రంగు మారే దారం అది. నీలం కూడా అయిపోవస్తోంది. కాళి ఎంత ఊపిరి బిగబట్టినా తెలుపు దాటలేకపోయాడు పాపం, అక్కడి నుంచి నీళ్లు మంచు లెక్క ఉన్నయని, చెవుల్లో సూదులు పొడిచినట్టయిందని చెప్పాడు. మిగతా లోతంతా ఇప్పుడు ఈ సీసం ముక్కదే.

జిగ్గు అంటారు దాన్ని పడవ మీద. అరచేయంత పొడుగుంటుంది, మామిడాకులా నడుము దగ్గర వెడల్పు, కొసల దగ్గర సన్నం, ఒంటికి వెండిపూత. తల దగ్గర రెండు చిన్న కొక్కేలు గట్టి దారంతో కట్టి ఉంటాయి. ఇందాక ఒడ్డున ఆ కొక్కేలను చూసే హాజిరా బీ వచ్చి అతని చేయి పట్టుకుంది. ఉమర్ భాయ్ భార్యను అతను చూడటం అదే మొదటిసారి. పడవ మీద శుక్రవారం శుక్రవారం ఫోనులోంచి వచ్చే గొంతు మాత్రమే తెలుసు, నవ్వుతూ గద్దించే గొంతు, అదీ ఇదీ ఒకటేనని నమ్మబుద్ధి కాలేదు. "భయ్యా, గవి నా కొడుకు మొఖానికి తల్గుతయా?" అని అడిగింది. అబద్ధమాడదామనుకున్నాడు, నోరు రాలేదు. "తల్గొచ్చు భాభీ." "వొద్దు భయ్యా. ఒక్క గీత వడకుంట ఇయ్యుర్రి నా కొడుకును." జేబులోంచి బ్లేడు తీసి ఆమె చూస్తుండగానే రెండు కొక్కేలూ కోసేశాడు. వెనక ఎవరో గొణిగారు, కొక్కెం లేని గాలమేంది, దేనికి తల్గుతది అని. తగిలించడానికి కాదు, ముందు వినడానికి, అని చెప్పాలనుకున్నాడు. అంతమందిలో ఎవరికని చెబుతాడు?

రెండు కొక్కేలూ ఇప్పుడు చొక్కా జేబులో ఉన్నాయి, ఊపిరి తీసినప్పుడల్లా గుండెకు గుచ్చుకున్నట్టే ఉంది. నర్సింహులపేట దగ్గర తండాలో పొద్దున చాయ్ తాగుతుంటే ఫోను మోగింది. ఉమర్ భాయ్ ఎప్పుడూ అరిచి మాట్లాడతాడు, సముద్రం మీద బతికినవాళ్లకు అదొక అలవాటు, ఇవాళ మాత్రం ఎంతో మెల్లగా మాట్లాడాడు. "లచ్చీ. అక్తర్ క్వారీల పడ్డడంట. నిన్న మజ్జాన్నం. అందరు సమ్మెల ఉన్నరంట, ఎవ్వలు వస్తలేరంట. నీ కాడ కర్ర ఉన్నది గదా." ఆ గాలం కర్ర ఆయన ఇచ్చిందే. మస్కట్ నుంచి వచ్చేసే రోజు, కొస దగ్గర రింగు ఒకటి పగిలిందని యజమాని పారేస్తే, దానికి తనే రింగు కట్టి రీలుతో సహా చేతిలో పెట్టాడు. చెరువుల నాడుకు సముద్రం కర్ర ఎందుకు భాయ్ అంటే, ఉండనీ, నేను గుర్తొస్త అన్నాడు. తండాలో దాన్ని చూసి నవ్వని మనిషి లేడు. తుపాకీ కాదు, జెండా కర్ర కాదు, బట్టలు ఆరేద్దామంటే వంగిపోతుంది, దుబాయ్ పోయి గిదేం కమాయించుకొచ్చినవురా అని వదిన రోజుకొకసారైనా అనేది. గల్ఫంతా దుబాయే ఆమెకు. ఇవాళ మాత్రం గుడ్డలో చుట్టిన కర్రను ఆమే అటక మీది నుంచి దించి ఇచ్చింది. తమ్ముడు ప్రేమ్‌సింగ్ బండి తీశాడు. దారి పొడుగునా రాస్తారోకోలే, సకల జనుల సమ్మె కదా, బస్సు లేదు, బడి లేదు, ఊరికొక చోట రోడ్డుకు అడ్డంగా చెట్టు కొమ్మలు, పొయ్యి రాళ్లు, వంటావార్పు. ఆపిన ప్రతి చోటా జై తెలంగాణ అనాలి, గుడ్డలో ఏముందో విప్పి చూపాలి. క్వారీల పోరడు పడ్డడు, తియ్యబోతున్నం అంటే మాత్రం డప్పు ఆగిపోయేది, కొమ్మలు తామే జరిపేవారు. ఒకచోట ఒక ముసలామె పరుగున వచ్చి బువ్వ పొట్లం చేతిలో పెట్టింది. అది ఇంకా బండి సంచిలోనే ఉంది.

అడుగు అందింది. వేలి కింద దారం ఒక్కసారి నిర్జీవమైంది, ఆ వెంటనే కర్ర పిడి దాకా చిన్న తాటింపు. రాయి. రాయైతే టక్కుమంటుంది, చప్పుడు చెవికి రాదు, మణికట్టుకు వస్తుంది. రీలు పిడిని పావుచుట్టు తిప్పి ఆపాడు. వంగిన కర్ర తనంతట తాను లేచింది, కింద ఎక్కడో సీసం మూరెడు పైకి తేలి, పక్కకు పడుకుని, అటూ ఇటూ ఊగుతూ మళ్లీ దిగింది. టక్. మళ్లీ రాయి. "జర ఆ దిక్కు జరుపు," అన్నాడు. కాళి మోకు లాగాడు, మంచం మూరెడు జరిగింది. పావుచుట్టు. లేవడం. పడటం. టక్. ఇంతే పని, చూసేవాడికి విసుగు పుడుతుంది, నేర్చుకునేవాడికి ఏడుపొస్తుంది.

ఏడిచాడు కూడా. సరదాగా గాలం వేయడానికి వచ్చే గిరాకీలను సముద్రం మీదికి తీసుకెళ్లే పడవ అది, మొదట్లో దాన్ని కడగడానికే పెట్టుకున్నారు అతన్ని, చేపల రక్తం, గిరాకీల వాంతులు, ఉప్పు మరకలు. ఒకరోజు చీపురు పట్టుకుని తనలో తాను, గిదేం బతుకురా అని పైకే గొణుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో "యాడిదిరా నీది?" అన్నారు. తిరిగి చూస్తే నెరిసిన గడ్డం, చలువ కళ్లద్దాలు, పడవకు పెద్దదిక్కులాంటి ఉమర్. మొగుళ్లపల్లి, నర్సింహులపేట, ఊళ్ల పేర్లు రెండూ ఆ ఉప్పుగాలిలో ఎంత వింతగా వినిపించాయో. పడవ మీది వంటమనిషిది కోస్తా, ఇద్దరి మాటలూ విని సినిమా జోకర్లు ఒకచోట చేరారండీ అని పగలబడి నవ్వాడు. ఉమర్ భాయ్ ఆ పూట కూర ముట్టకుండా పళ్లెం పక్కకు జరిపాడు, మరునాడూ జరిపాడు, మూడో రోజు వంటమనిషే వచ్చి పక్కన కూర్చున్నాడు. అట్లాంటి మనిషి ఆయన. గిరాకీలు లేని రోజు లచ్చిరాం చేతికి కర్ర ఇచ్చి, గుంజు అన్నాడు. లచ్చిరాం చేలో గొర్రు లాగినట్టు గుంజాడు. భుజాలు పడిపోయేదాకా గుంజాడు. చేప కాదు కదా, నాచు కూడా రాలేదు. అప్పుడు భాయ్ పక్కన కూర్చుని, "జర ఆహిస్తా రే లచ్చీ, మెల్లగ. చెయ్యి గుంజొద్దు, కర్ర గుంజుతది. నువ్వు పావుచుట్టు తిప్పు, ఊకో. దాన్ని పడనీ," అన్నాడు. పడనివ్వడం రావాలి, అదే కష్టం. జపాను నుంచి వచ్చిన ఒక ముసలి గిరాకీ తనకు నేర్పిపోయాడట. అందరూ వేగంగా గుంజుతారు, లేచే సీసం వెంట చేప ఉరుకుతుందనుకుంటారు, లోతులో ఉండే పెద్ద చేప ఉరకదు, దెబ్బతిన్నట్టు ఊగుతూ పడేదాన్ని చూసి నోరు తెరుస్తుంది, కాబట్టి పడేటప్పుడే వినాలి. నెలలు పట్టింది. ఇసుకకు ఒక చప్పుడు, రాయికి ఒకటి, పగడపు బండకు గరగర. ఇది హమూర్ చేప మూతి, ఇది ఉత్త అల, అని కళ్లు మూసుకుని చెప్పడం వచ్చేసరికి ఒక ఎండాకాలం పోయింది.

టక్. టక్. ఇప్పుడు డుబ్. బురద. ఇక్కడ బండ అయిపోయి బురద మొదలైంది. మంచిదే, బురదలో పడినవాడు దొర్లిపోడు. ఛ, ఏం ఆలోచనలు ఇవి, పడినవాడు అని ఎట్లా అనుకుంటున్నాను, వాడికి పేరుంది, పద్దెనిమిదేళ్లుంటాయి, జనగామ డిగ్రీ కాలేజీలో చదువుతున్నాడు, భాయ్ ఫోనులో ఉన్న ఫొటో చూపినప్పుడల్లా నా ముక్కే వచ్చిందని మురిసిపోయేవాడు. పుట్టాక రెండేళ్లకొకసారి నెల రోజులు చూశాడు కొడుకును, అంతా కలిపితే ఎంతవుతుంది, లెక్క వేసుకోవడానికి ఆయనే భయపడేవాడు. తెలంగాణ వస్తే వాపస్ పోత లచ్చీ, ఊరి చెరువు మీద పడవ వేస్త, పోరనికి కర్ర పట్టుడు నేర్పిస్త అనేవాడు. తండ్రి అక్కడ అనే మాటే కొడుకు ఇక్కడ ఊరేగింపుల్లో అన్నాడట, తెలంగాణ వస్తే మా అబ్బా వస్తడు అని. ఇందాక హాజిరా బీ చెప్పింది. చెబుతూ నవ్వబోయింది, ఆ నవ్వు చూడలేక లచ్చిరాం తల దించుకుని రీలు తుడిచాడు.

ఒడ్డు మీద ఎవరో నినాదం ఎత్తుకున్నారు, ఇంకెవరో ఆపించారు. చూడొద్దనుకుంటూనే కళ్లు తెరిచి చూశాడు. పాత ఫ్లెక్సీని తిరగేసి దాని మీద ఎర్ర పెయింటుతో అక్తర్ పేరు రాశారు, ముందు అమరవీరుడు అని రాశారు, పెయింటు ఇంకా ఆరలేదు, కారుతోంది. పిల్లలు మంచివాళ్లే, నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు, వాళ్లలో ఒకడు ఈత రాకున్నా దూకబోతే పట్టుకుని ఆపారట. కానీ వాడు తెలంగాణ కోసం తనే దూకాడని అనుకుంటున్నారు వాళ్లు. అంచు మీద చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. కాలేజీలో తోటి పిల్లవాడు ప్రాణం తీసుకున్నప్పటి నుంచి అక్తర్ సరిగ్గా మాట్లాడటం లేదు. నిన్న రోడ్డు మీద వంటావార్పుకు ట్యాంకరు నీళ్లు నిండుగా ఉన్నాయి, ఎవరూ వాణ్ని క్వారీకి పంపలేదు. మరి ఎందుకు పోయాడు? ఆ ఏడాది ఒంటరిగా పోయిన ఏ పిల్లవాడి గురించైనా ఊరు అడిగే మొదటి ప్రశ్న అదే, ఆ ప్రశ్నకు ముందే జవాబు రాసిపెట్టుకుని ఉండేది. అట్లా పోయినవానికి ఖననం ముందటి జనాజా నమాజు చదివించొచ్చా అని ఇద్దరు పెద్దమనుషులు చెట్టు కింద గుసగుసలాడుకోవడం హాజిరా బీ చెవిన పడింది. "నా కొడుకు నీళ్లకు పోయిండు," అంది ఆమె, నిన్నటి నుంచి ఎవరు కనిపించినా అదే మాట. "బోర్ నీళ్లకు పప్పు ఉడుకది, క్వారీ నీళ్లయితే జల్ది ఉడుకుతదని పొద్దుగాల నేనే అన్న. విన్నడు వాడు. మా ఇనుప బొక్కెన ఇంట్ల లేదు. తాడు లేదు. చూసుకోర్రి." రోడ్డు మీద వంద బొక్కెనలు ఉన్నాయక్కా, మీదీ అందులోనే ఉంటుంది అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. ఆమె మాట మాత్రం ఎవరూ నమ్మలేదు. కొడుకు దొరకాలి, వాడితో బొక్కెన కూడా దొరకాలి ఆ తల్లికి. సముద్రం అవతల ఫోను పట్టుకుని కూర్చున్న ఉమర్ భాయ్ కూడా పొద్దున ఇంకొక మాట ఏదో అడగబోయి మింగేశాడు. ఏం అడగబోయాడో లచ్చిరాంకు అప్పుడే తెలుసు.

పావుచుట్టు. లేవడం. పడటం. డుబ్. పొద్దు క్వారీ గోడ మీదికి జరిగింది. నీళ్లలో సగం నీడ. ఒడ్డున ప్రేమ్‌సింగ్ చేతిలో ఫోను వెలిగింది, చెవి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పి ఇటు చూశాడు, లచ్చిరాం తల అడ్డంగా ఊపాడు. బొక్కెన. యాడి, అంటే అమ్మ, గుర్తొచ్చింది. అతని తల్లి భద్రమ్మను తండాలో గరిగె భద్రమ్మ అనేవారు. చాదబాయిలో ఎవరి బొక్కెన పడినా ఆమెకే కబురు, నాలుగు కొక్కేల పాతాళ గరిగె తాడుకు కట్టి దింపేది, చుట్టూ ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటే కసిరేది, ఊకోండే, బొక్కెన ఇన్‌పించాలె గదా అని. పసివాడైన లచ్చిరాం ఆమె కాళ్ల మధ్య నిలబడి తాడు పట్టుకునేవాడు. ఇనుము ఇనుమును తాకితే తాడు వెంట ఒక సన్నని జలదరింపు పైకి వస్తుంది. "అగో, పలికింది," అనేది యాడి. రాయి పలకదు, ఇనుము పలుకుతుంది. ఆ తర్వాత తాడును అరచేతికి ఒకటీ రెండూ మూడూ చుట్లు వేసి బిగించి లాగేది, ఆమె చేతులు చెప్పుతోలులా ఉండేవి. అందరూ అట్లాగే లాగేవాళ్లు. తాడు జారకుండా చేతికి చుట్టుకోవడం తెలియనివాళ్లు ఆ లోతైన బావుల నాడులో నీళ్లు తాగలేరు, పిల్లలు నడకతో పాటే నేర్చుకునే పని అది.

ఆ పనే మస్కట్‌లో చేశాడు లచ్చిరాం. కర్ర పట్టిన కొత్తలో జిగ్గు రాతి సందులో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. ఇంకేముంది, బావి గట్టున నిలబడ్డట్టే, దారాన్ని ఉత్తచేతికి చుట్లు చుట్టుకుని వెనక్కి వాలాడు. ఇరుక్కున్నది రాతిలో కాదు. రాతి సందులోకి దూరిన హమూర్ నోట్లో. అది ఒక్కసారి తిరగబడింది. దారం అరచేతిలోకి కత్తిలా దిగింది, మనిషి తుళ్లి పడవ అంచు దాకా పోయాడు, నడుము సగం నీళ్ల మీద. ఉమర్ భాయ్ ఎక్కడి నుంచి ఉరికొచ్చాడో, కత్తితో దారం తెంపాడు. తెంపి, రక్తం కారుతున్న చేయి పట్టుకుని, రెండో చేత్తో చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. "సుట్టుకోవద్దు! చస్తవురా! ఏదైనా సరే, చేతికి మాత్రం సుట్టుకోవద్దు! పోతే పోనియ్యి, ఇడిసిపెట్టేటట్టు పట్టుకోవాలె!" అరుస్తూనే ఏడ్చాడు పెద్దమనిషి. కట్టు కడుతూ మెల్లగా అన్నాడు, మనోళ్లంత గంతే రా, బావుల నీళ్లు తాగినోళ్లం, నేను గూడ గట్లనే ఏలు పోగొట్టుకున్న అని, ఎడమచేతి చిటికెన వేలు ఉండాల్సిన చోటు చూపాడు. ఆ రోజు దారం కోసిన మచ్చ లచ్చిరాం అరచేతికి అడ్డంగా, ఆయుష్షు గీతను దాటి, ఇప్పుడూ కర్ర పిడికి తగులుతోంది.

పలికింది.

డుబ్ కాదు, టక్ కాదు. దారం వెంట ఒక సన్నని జలదరింపు వచ్చి వేలి కొసలో వణికి ఆగింది. మళ్లీ లేపాడు. పావుచుట్టు కూడా కాదు, అందులో సగం. పడనిచ్చాడు. మళ్లీ పలికింది. చావుబతుకుల మధ్య ఉన్నవాడు ఎవరో కింద నుంచి తలుపు కొట్టినట్టు ఒళ్లంతా జల్లుమంది, వెంటనే అట్లా అనుకున్నందుకు తనను తాను తిట్టుకున్నాడు, కింద బతుకు లేదు, ఉన్నది ఇనుము. "కాళీ," అన్నాడు, "మంచం కదలనియ్యకు." కాళి మోకును పంటితో కూడా పట్టుకున్నాడు. కర్ర కొసను జానెడు పక్కకు జరిపి మళ్లీ దింపాడు. ఈసారి సీసం పడింది కానీ ఏమీ చెప్పలేదు. రాయి లేదు, బురద లేదు, ఇనుము లేదు, దారం వదులైంది, అంతే. బట్ట మీద పడితే అట్లాగే ఉంటుంది. సంవత్సరాల తరబడి ఎన్ని చప్పుళ్లు నేర్చుకున్నాడో, ఈ చప్పుడు లేకపోవడం ఎవరూ నేర్పలేదు, నేర్పకుండానే తెలిసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. నాయినా, దొరికినవా, అన్నాడు లోలోపల, యాడి భాషలో.

దొరికింది సరే, పైకి ఎట్లా? జిగ్గును పైకి చుట్టాడు, చొక్కా జేబులోంచి కొక్కెం తీశాడు. ఒక్కటే. దాన్ని జిగ్గు తలకు కట్టి, రెండోది మళ్లీ జేబులో పెట్టాడు. ఒడ్డున హాజిరా బీ లేచి నిలబడింది. ఇంత దూరం నుంచి చిన్న కొక్కెం కనిపించదు, అయినా ఆమెకు తెలిసిపోయింది. అతను చేయెత్తి నీళ్ల వైపు కాదు, తన పిడికిలి వైపు చూపి, బొక్కెన మోసే సైగ చేశాడు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టుపక్కలవాళ్లకు అర్థం కాలేదు, ఆమెకు అయింది. తల ఊపింది. బొక్కెన పిడికే తగలాలి, లేదా తాడుకు, వాడికి మాత్రం తగలొద్దు, యాడీ, ఉమర్ భాయ్, అల్లా, మా తండా దేవుడు సేవాభాయా, ఎవరైనా సరే ఈ చేయి కొంచెం పట్టుకోండి అనుకుంటూ దింపాడు. తెలుపు. నీలం. డుబ్. జానెడు ఇటు. పలికింది. లేపాడు, పడనిచ్చాడు, లేపాడు, పడనిచ్చాడు, గుంజలేదు, గుంజాలని భుజం ఎంత కొట్టుకున్నా గుంజలేదు, జర ఆహిస్తా, జర ఆహిస్తా. ఎన్నిసార్లో. చివరికి ఒకసారి పడాల్సింది పడలేదు, మెత్తగా పట్టుకుంది. కర్ర కొస వంగింది. సాగుతోంది, పోగులు పోగులుగా. తాడు.

కర్ర వంగి నీళ్లకు మొక్కింది. రీలు అర చుట్టు, ఆగడం. అర చుట్టు, ఆగడం. నీళ్లలో మనిషి బరువు పెద్దగా ఉండదు, బొక్కెనదే ఎక్కువ, అయినా భుజాల మీద ఊరంత బరువు ఉన్నట్టుంది. మధ్యలో ఒకసారి దారం జారబోయింది, రెండో చేయి దానంతటదే వచ్చి దారాన్ని అరచేతికి చుట్టుకోబోయింది, పాత చేయి, బావి గట్టు చేయి, చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. నీలం లోపలికి వచ్చేసింది. తెలుపు కనిపించింది. "ఇప్పుడు పో," అన్నాడు. కాళి మునిగాడు. కాళి తేలి మంచం పట్టీ పట్టుకుని రొప్పాడు. "ఉన్నడన్నా. మొఖం మంచిగున్నది, ఏం కాలే. బొక్కెన గూడ ఉన్నది."

"తాడు ఎట్లున్నది?"

"చేతికి సుట్టుకొని ఉన్నదన్నా. గట్టిగ. నేను గుంజి చూసిన, ఇప్పరాలే."

తడి బండ, ఏటవాలు అంచు, జారుతుందని చెప్పులు విడిచి ఉంటాడు, నిండిన ఇనుప బొక్కెన ఎత్తు నుంచి గుంజి ఉంటుంది, విడిచిపెట్టడానికి చేయి ఖాళీ లేదు. లచ్చిరాంకు అంతా కళ్లకు కట్టినట్టు కనిపించింది, చూడకుండా ఉంటే బాగుండునని ఎంత అనుకున్నా కనిపించింది.

ఒడ్డుకు చేర్చాక అందరూ ఒకేసారి ఏడ్చారు. ఫ్లెక్సీ పట్టుకున్న పిల్లవాడు బొక్కెనను చూసి, చేతిలోని తాడును చూసి, ఫ్లెక్సీని బోర్లా పరిచి దాని మీద కూలబడ్డాడు. చెట్టు కింది పెద్దమనుషుల్లో ఒకాయన వచ్చి తన భుజం మీది తెల్ల గుడ్డ తీసి అక్తర్ మీద కప్పాడు, నమాజు నేనే చదివిస్త అమ్మా అన్నాడు. హాజిరా బీ వినలేదు. కొడుకు కుడిచేయిని ఒడిలో పెట్టుకుని తాడు విప్పుతోంది. తడికి ముడులు బిగిసిపోయాయి. కత్తి ఉన్నదక్కా, కోసేద్దమా అని ఎవరో అడిగారు. "వొద్దు. నొప్పి లేస్తది. ఆహిస్తా," అంది.

ప్రేమ్‌సింగ్ ఫోను తెచ్చి లచ్చిరాం చెవికి ఆనించాడు.

"దొరికిండా లచ్చీ?"

"దొరికిండు భాయ్."

అటు నుంచి గాలి, గాలి వెనక సముద్రం. పొద్దున మింగేసిన మాట వచ్చింది. "నిజం చెప్పు. నీకు దండం వెడ్త. వాడు తానే..."

"లేదు భాయ్. నీళ్లకే పోయిండు. భాభీ చెప్పిందే నిజం. బొక్కెన ఉన్నది. తాడు..." అక్కడ ఆగాడు. చెప్పకపోతే నమ్మడు, చెబితే ఏమవుతుందో తెలుసు, ఈ లోకంలో ఆ మాట విని తట్టుకోలేని మనిషి ఒక్కడుంటే ఆయనే. "తాడు చేతికి సుట్టుకున్నడు భాయ్."

ఉమర్ భాయ్ ఏడుస్తాడనుకున్నాడు. ఏడవలేదు. అల్హందులిల్లా అని దేవుణ్ని తలుచుకున్నాడు ముందు, ఊపిరి వదిలినట్టు. ఆ తర్వాత, ఎవరితోనో కాదు, తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు, "సుట్టుకోవద్దని వానికి చెప్పలే రా నేను," అన్నాడు. "నీకు చెప్పిన."

లచ్చిరాం ఫోను చెవికి ఆనించుకునే ఉండిపోయాడు. ఎదురుగా హాజిరా బీ ఒక చుట్టు విప్పింది. ఇంకా రెండు ఉన్నాయి.